ఉండాల్సినవి నాలుగు

కొత్తగా చేరినవాళ్ళకి స్టోరేజ్ పని నేర్పేటప్పుడు దాదాపు అందరి నోటా ఒకే ప్రశ్న వస్తుంది. "అన్నా, మనం అడిగింది ఒక్క డిస్కే కదా, నాలుగు కనబడుతున్నాయేంటి?" ఈ ప్రశ్న అడిగినవాళ్ళ మీద నాకు వెంటనే నమ్మకం కుదురుతుంది. దిగులంతా అడగనివాళ్ళ గురించే. నాలుగు డిస్కులొచ్చాయి కదా అని ఒకదాని మీద ఒక ఫైల్ సిస్టమ్, ఇంకోదాని మీద ఇంకో ఫైల్ సిస్టమ్ వేసేస్తే రెండోది మొదటిదాన్ని చెరిపేస్తుంది. అక్కడున్నది నిజానికి ఒక్క డిస్కే. నాలుగున్నవి దారులు.

అమరిక ఇలా ఉంటుంది. సర్వర్‌లో రెండు ఫైబర్ ఛానెల్ పోర్టులు. ఒక పోర్టు నుంచి కేబుల్ ‘ఎ’ ఫ్యాబ్రిక్ స్విచ్‌కి వెళ్తుంది, రెండో పోర్టు నుంచి ‘బి’ ఫ్యాబ్రిక్ స్విచ్‌కి. ఈ రెండు ఫ్యాబ్రిక్కులకీ మధ్య ఎక్కడా వైరు కలవకూడదు. అవతలి కొసన స్టోరేజ్ పెట్టెలో రెండు కంట్రోలర్లు, ఒక్కో కంట్రోలర్ నుంచి రెండు ఫ్యాబ్రిక్కులకూ చెరో కేబుల్. రెండు రెళ్ళు నాలుగు. కెర్నెల్ ఒక్కో దారి పట్టుకుని పోయి చూస్తుంది. పోయిన ప్రతిసారీ చివర ఒక డిస్కు కనబడుతుంది కాబట్టి ఎస్‌డీబీ, ఎస్‌డీసీ, ఎస్‌డీడీ, ఎస్‌డీఈ అని నాలుగు పేర్లు పెట్టేస్తుంది. దాని తప్పేమీ లేదు. దారి చివర కనబడినదానికి పేరు పెట్టమన్నారు, పెట్టింది.

మరి ఆ నాలుగూ ఒకటేనని తెలిసేదెలా? సైజు చూసి చెప్పలేం, ఒకే సైజు లన్నులు, అంటే స్టోరేజ్ పెట్టె డిస్కుల్లా చూపే ముక్కలు, ఒక్కో సర్వర్‌కి పదుల్లో ఉంటాయి. పేరు చూసి చెప్పలేం, ఎస్‌డీబీ అనేది కనబడిన వరసలో దక్కిన పేరే తప్ప మరేమీ కాదు. మెషీన్ రీబూట్ అయితే నిన్నటి ఎస్‌డీబీ ఇవాళ ఎస్‌డీడీ కావచ్చు. ఇక మిగిలింది డిస్కునే అడగడం. స్కసీ ప్రమాణంలో ఇందుకు పద్ధతి ఉంది. ప్రతి పరికరం తన గురించి తాను చెప్పుకునే పేజీలు కొన్ని ఉంటాయి, వాటిలో హెక్సా లెక్కన 83వ పేజీ గుర్తింపు పేజీ. ఏ దారిన వెళ్ళి అడిగినా లన్ ఆ పేజీలో ఒకే గుర్తింపు సంఖ్య చెబుతుంది. దాన్నే మేం డబ్ల్యూడబ్ల్యూఐడీ అంటాం. నాలుగు దారుల్లోనూ ఒకే జవాబు వచ్చిందంటే నలుగురు కాదు, ఒకరే. అప్పుడు కెర్నెల్‌లోని డివైస్ మ్యాపర్ ఆ నాలుగింటినీ కింద పెట్టుకుని పైన ఎమ్‌పాత్‌ఎ అనే ఒక్క పరికరాన్ని నిలబెడుతుంది. డేటాబేస్ దానితోనే మాట్లాడాలి. కింద ఏ దారిన పోతున్నామన్నది దానికి అక్కర్లేని విషయం.

దారిని బట్టి పెట్టిన పేరు దారితోపాటే మారిపోతుంది, వస్తువు తానుగా చెప్పుకున్న పేరు నిలుస్తుంది. ఇంత చిన్న సూత్రం మీద అంతంత పెద్ద డేటాబేస్‌లు నిలబడి ఉండడం నాకిప్పటికీ అబ్బురమే.

ఒకప్పుడు ఈ పని ప్రతి కంపెనీ తన సొంత సాఫ్ట్‌వేర్‌తో చేసేది. ఈఎమ్‌సీకి పవర్‌పాత్, హిటాచీకి హెచ్‌డీఎల్‌ఎమ్, ఐబీఎమ్‌కి ఎస్‌డీడీ, వెరిటాస్‌కి డీఎమ్‌పీ. ఒక్కోదానికి ఒక్కో కమాండు, ఒక్కో లైసెన్సు, ఒక్కో రకం అలవాట్లు. స్టోరేజ్ మారిస్తే చదువు మళ్ళీ మొదటికి వచ్చేది. లైనక్స్ 2.6 కెర్నెల్ కాలంలో ఈ విద్య కెర్నెల్ లోపలికే వచ్చింది. దానికి కావలసిన పనిముట్లని, అంటే మల్టీపాత్ కమాండునీ వెనక నడిచే మల్టీపాత్‌డి డెమన్‌నీ, క్రిస్టోఫ్ వరోకీ మొదలుపెట్టారు. 2005లో ఒట్టావాలో జరిగిన లైనక్స్ సింపోజియంలో దీనిమీద ఒక పేపర్ వచ్చింది, దాని రచయితల్లో ఆయనతోపాటు ఈఎమ్‌సీ ఇంజనీరు కూడా ఉన్నారు. సొంత సరుకు అమ్ముకునే కంపెనీలో ఉన్నవాళ్ళు అందరికీ చెందే పనిముట్టు మీద చెయ్యి వెయ్యడం నాకు గౌరవం కలిగించే సంగతి. ఇవాళ ఏ కంపెనీ పెట్టె తెచ్చి తగిలించినా మొదట కొట్టేది అదే కమాండు.

మల్టీపాత్ -ఎల్‌ఎల్.

ఈ కమాండు తెర మీద పరిచే కొద్దిపాటి వరసల్ని ఎంత నిదానంగా చదివితే అంత సమాచారం దొరుకుతుంది. పై వరసలో పేరు, గుర్తింపు సంఖ్య, స్టోరేజ్ తయారీదారు. దాని కింద సైజు, ఇంకా ‘దారులన్నీ పోతే ఏం చెయ్యాలి’ అన్నదానికి ముందే రాసిపెట్టిన జవాబు. ఆ జవాబు దగ్గరికి తర్వాత వస్తాను. దాని కింద రెండు గుంపులు. ఒక గుంపు ప్రాధాన్యం 50, రెండోదానిది 10. స్టోరేజ్ పెట్టెలో రెండు కంట్రోలర్లున్నా చాలా రకాల్లో ఒక లన్ బాధ్యత ఒక సమయంలో ఒక్క కంట్రోలర్‌దే. నేరుగా ఆ కంట్రోలర్‌కి పోయే దారులు 50. పక్క కంట్రోలర్‌కి పోయి, అక్కణ్ణుంచి లోపలి దారిన చేరేవి 10. పని 50 మీదే నడుస్తుంది, 10 కాచుకుని ఉంటుంది.

ఒక్కో దారి వరస చివర మూడు మాటలుంటాయి: యాక్టివ్, రెడీ, రన్నింగ్. ఇవి ఒకే అర్థాన్ని మూడుసార్లు చెప్పడం కాదు, ముగ్గురు సాక్షులు విడివిడిగా ఇచ్చిన వాంగ్మూలాలు. యాక్టివ్ అన్నది కెర్నెల్‌లోని డివైస్ మ్యాపర్ మాట: ఈ దారిన పని పంపుతున్నాను లేదా పంపగలను. రెడీ అన్నది డెమన్ మాట: ఇప్పుడే వెళ్ళి తట్టి చూశాను, పలికింది. రన్నింగ్ అన్నది స్కసీ పొర మాట: ఈ పరికరాన్ని ఎవరూ ఆఫ్‌లైన్ చెయ్యలేదు. ముగ్గురూ ఒకే మాట మీదుంటే సరే. ఒక్కోసారి కాసేపు మాటలు కలవవు. అప్పుడే కేసు ఆసక్తిగా మారుతుంది. డివైస్ మ్యాపర్ ఫెయిల్డ్ అంటుంది, డెమన్ రెడీ అంటుంది. అంటే పని పంపితే తప్పింది, తట్టి చూస్తే పలికింది. సరిగ్గా ఇక్కడే అనుభవమున్నవాళ్ళు కుర్చీ ముందుకు జరుపుకుంటారు.

తట్టి చూడడమంటే ఏమిటో కొంచెం చెప్పాలి. డెమన్ మామూలుగా ఐదు సెకన్లకోసారి ప్రతి దారినా ‘టెస్ట్ యూనిట్ రెడీ’ అనే స్కసీ కమాండు పంపుతుంది. ఆరు బైట్ల కమాండు, దానితో డేటా ఏమీ పోదు, ఏమీ రాదు. ‘ఉన్నావా?’ ‘ఉన్నాను.’ అంతే. అంతా బాగుంటే ఈ వ్యవధిని డెమన్ తానే మెల్లగా పెంచుకుంటూ ఇరవై సెకన్ల దాకా వెళ్తుంది, తేడా కనబడితే మళ్ళీ దగ్గరికి తెచ్చుకుంటుంది. చక్కని పద్ధతి. కానీ సగం చెడిన దారి ఈ పరీక్షలో సులువుగా గట్టెక్కుతుంది. కేబుల్ కొసన వెలుగు పంపే ఎస్‌ఎఫ్‌పీ మసకబారినా, కేబుల్ ఎక్కడో గట్టిగా వంగినా ఆరు బైట్లు క్షేమంగా పోయి వస్తాయి. పెద్ద పెద్ద రాతలు మాత్రం మధ్యలో చెడిపోతాయి, లేదా జవాబు రాక స్కసీ టైమౌట్ అయిన 30 సెకన్లూ కాచుకుని తప్పుతాయి. పలకరిస్తే పలుకుతుంది, పని చెబితే చెయ్యదు. డెమన్ దాన్ని వరసలోకి తెస్తుంది, పని దాన్ని మళ్ళీ పడగొడుతుంది, డెమన్ మళ్ళీ తెస్తుంది. డేటాబేస్ వాళ్ళు ‘స్టోరేజ్ స్లోగా ఉంది’ అని టికెట్ వేస్తారు. నా అనుభవంలో పూర్తిగా చచ్చిన దారి వల్ల పడిన కష్టం తక్కువ, ఇలా చస్తూ బతుకుతూ ఉన్న దారుల వల్ల పడిందే ఎక్కువ. ఇలాంటి దారిని ‘మార్జినల్’ అని గుర్తించి కొంతకాలం దూరంగా ఉంచే అమరికలు ఈమధ్య మల్టీపాత్‌లో వచ్చాయి. అవి వాడుకునే చోట్లు ఇంకా తక్కువే. పెరగాలి.

ఇక అసలు విషయం. ఒక దారి పూర్తిగా తెగిందనుకోండి. డివైస్ మ్యాపర్ ఆ పనిని మరో దారికి మళ్ళిస్తుంది. డేటాబేస్‌కి ఎర్రర్ రాదు. దాని వెనకున్న అప్లికేషన్‌కి తెలియదు. అప్లికేషన్ వాడుతున్న మనిషికి అసలే తెలియదు. ఎవరికీ తెలియకుండా సర్దుకోవడానికే ఇదంతా కట్టారు. అది పని చేసిందనడానికి గుర్తు, ఏమీ జరగనట్టు కనబడడం.

ఏమీ జరగలేదన్న ఆ భరోసాలోనే ప్రమాదం కూడా దాగి ఉంది. నాలుగు దారులున్న మెషీనూ, మూడు పోయి ఒక్క దారి మీద వేలాడుతున్న మెషీనూ పైనుంచి చూస్తే ఒక్కలాగే ఉంటాయి. లాగిన్ అవుతాయి, క్వెరీలకి జవాబిస్తాయి, డ్యాష్‌బోర్డ్ మీద పచ్చగా వెలుగుతాయి. దారి ఒక్కటే అయినప్పుడు అది తెగితే వెంటనే గోల అవుతుంది, వెంటనే బాగుచేస్తాం. దారులు రెండైనప్పుడు మొదటి దెబ్బకి గోల ఉండదు. రెండో దారి మొదటి దాని లోపాన్ని కప్పేస్తుంది. ఎవరూ వెళ్ళి అడగకపోతే, రెండోసారి తెగేదాకా మొదటిసారి తెగిందని తెలియదు.

నేను పనిచేసిన ఒక చోట ‘బి’ ఫ్యాబ్రిక్ స్విచ్‌లకి ఫర్మ్‌వేర్ మార్చే పని పెట్టారు. చేంజ్ రిక్వెస్టులో ‘ప్రభావం ఏమీ ఉండదు, రెండో ఫ్యాబ్రిక్ ఉంది’ అని రాసి ఉంది. అందరూ సంతకాలు పెట్టారు. పని మొదలయ్యే ముందు మా టీమ్‌లో ఒక అమ్మాయి ఆ స్విచ్‌లకి తగిలి ఉన్న ప్రతి సర్వర్ మీదా మల్టీపాత్ -ఎల్‌ఎల్ కొట్టి చూస్తానంది. ఎవరూ చెప్పలేదు, తనకే అనిపించింది. ఒక డేటాబేస్ సర్వర్ మీద ‘ఎ’ వైపు దారులు రెండూ ఫెయిల్డ్, ఫాల్టీ. లాగ్ వెనక్కి తిప్పితే దసరాకి ముందే పోయాయి. ఎస్‌ఎఫ్‌పీ చెడింది. ఆ రాత్రి ‘బి’ స్విచ్ రీబూట్ చేసి ఉంటే ఆ డేటాబేస్‌కి దారే మిగిలేది కాదు. అలర్ట్ ఎందుకు రాలేదంటే, డిస్కు పోతే అలర్ట్ రావాలని పెట్టారు. డిస్కు పోలేదు కదా, ఎమ్‌పాత్‌ఎ భేషుగ్గా ఉంది.

ఆ ‘ప్రభావం ఏమీ ఉండదు’ అన్న వాక్యం వెనక ఉన్న లెక్క చాలామందికి తెలిసిందే. ఒక దారి నూటికి ఒక రోజు చెడి ఉంటుందనుకుంటే, రెండూ ఒకేరోజు చెడి ఉండే అవకాశం పదివేలలో ఒకటి. లెక్క తప్పు కాదు. కానీ ఆ నూటికి ఒక రోజు అన్న అంకెలోనే ‘చెడిన దారిని ఎంత తొందరగా బాగుచేస్తాం’ అన్నది దాగి ఉంది. ఒక దారి చెడిన సంగతి మూడు నెలలు ఎవరికీ తెలియకపోతే, ఆ మూడు నెలలూ మన దగ్గరున్నది నూటికి ఒకటే. రెండింటికి డబ్బు కట్టి ఒకదానితో కాలం గడుపుతున్నాం.

జాన్ వాన్ నాయ్‌మన్ 1952లో కాల్‌టెక్‌లో కొన్ని ఉపన్యాసాలిచ్చారు, 1956లో అవి అచ్చయ్యాయి. నమ్మకం లేని భాగాలతో నమ్మదగిన యంత్రాన్ని కట్టడం ఎలా అన్నది విషయం. ఒక తీగ బదులు తీగల కట్ట వాడండి, ఎక్కువ తీగలు ఏమంటే అదే నిజమనుకోండి అన్నారు. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. ఆయన ఆగలేదు. కట్టలో తప్పులు దశదశకీ పేరుకుపోతాయి కాబట్టి, పనిచేసే ప్రతి భాగం తర్వాతా కట్టని మళ్ళీ సరిదిద్దే భాగం ఒకటి ఉండాలన్నారు. పనిచేసే అంగం వేరు, పునరుద్ధరించే అంగం వేరు. ఆ రెండోది లేకుండా ఎన్ని తీగలు పెంచినా లాభం లేదు. మల్టీపాత్‌లో పనిచేసే అంగం కెర్నెల్‌లో ఉంది. సరిదిద్దే అంగంలో కొంత భాగం డెమన్. కేబుల్ మార్చడం, ఎస్‌ఎఫ్‌పీ మార్చడం దానికి చేతకావు. మిగతా భాగం కమాండు కొట్టి చూసే మనిషే.

పదివేలలో ఒకటి అన్న లెక్కకి ఇంకో షరతు కూడా ఉంది: ఒక దారికి వచ్చిన ఆపద రెండోదానికి సంబంధం లేనిదై ఉండాలి. ఆర్కిటెక్చర్ బొమ్మలో రెండు గీతలు దూరదూరంగా కనిపిస్తాయి. డేటా సెంటర్‌లో ర్యాక్ వెనక్కి వెళ్ళి చూస్తే రెండు పోర్టులూ ఒకే కార్డు మీద ఉంటాయి. కేబుళ్ళు రెండూ ఒకే ట్రేలో ఒకే కట్టుతో బిగించి ఉంటాయి. స్విచ్‌లు రెండూ ఒకే పవర్ స్ట్రిప్‌కి తగిలి ఉంటాయి. ఇవన్నీ కళ్ళతో చూసి పట్టుకోవచ్చు. పట్టుకోవడం కష్టమైనవి వేరే ఉన్నాయి: రెండు ఫ్యాబ్రిక్కుల్లోనూ ఒకే ఫర్మ్‌వేర్, దానిలో ఒకే బగ్. రెండింటిలోనూ ఒకే రాత్రి ఒకే మనిషి ఒకే స్క్రిప్టుతో జోనింగ్‌ని, అంటే ఏ పోర్టు ఏ పోర్టుని చూడొచ్చన్న నియమాల్ని, మార్చడం. అందుకే ఒక ఫ్యాబ్రిక్‌లో మార్పు చేశాక కనీసం ఒకరోజు ఆగి రెండోది ముట్టుకోవాలన్న నియమం మీద నేను చాలాసార్లు పట్టుబట్టాను. ‘ఇంకో రాత్రి మేలుకోవాలా’ అని విసుక్కున్నవాళ్ళున్నారు. ఆ విసుగు నాకు అర్థమవుతుంది, అయినా మాట మార్చుకోను.

1989 జూలై 19న డెన్వర్ నుంచి షికాగో వెళ్తున్న యునైటెడ్ 232 విమానం కథ స్టోరేజ్ వాళ్ళందరూ చదవాలి. అది డీసీ-10. రెక్కల మీదా తోక మీదా ఉన్న పలకల్ని కదిలించే హైడ్రాలిక్ వ్యవస్థలు మూడు ఉన్నాయి, ఒకదాని ద్రవం ఇంకోదానిలో కలవదు. మూడూ ఒకేసారి పోవడం జరిగే పని కాదని తయారుచేసినవాళ్ళు నమ్మారు. కానీ ఆ మూడింటి గొట్టాలూ తోక భాగంలో ఒకదానికొకటి దగ్గరగా వెళ్తాయి. తోకలోని రెండో ఇంజన్ ఫ్యాన్ డిస్కు గాల్లో పగిలింది. ముక్కలు ఎగిరి మూడు వ్యవస్థల్నీ దెబ్బతీశాయి, ద్రవమంతా కారిపోయింది. కెప్టెన్ ఆల్ హేన్స్ బృందం, ప్రయాణికుడిగా ఉన్న డీసీ-10 శిక్షకుడు డెన్నీ ఫిచ్ సాయంతో, మిగిలిన రెండు ఇంజన్ల వేగాన్ని పెంచుతూ తగ్గిస్తూ విమానాన్ని అయోవాలోని సూ సిటీ దాకా తెచ్చింది. విమానంలో 296 మంది. దిగేటప్పుడు విమానం కూలి 112 మంది పోయారు, 184 మంది బతికారు. ఆ తర్వాత డీసీ-10 విమానాల్లో, తోకలో గొట్టం తెగినా ఒక వ్యవస్థ ద్రవమైనా పూర్తిగా కారిపోకుండా ఆపే ఏర్పాటు చేశారు. ఈ ఏర్పాటుతో వ్యవస్థలు మూడు నాలుగు కాలేదు. ఉన్న మూడూ కలిసి పోయే ఆ ఒక్క చోటుని మార్చారు.

మన దగ్గరి ఉదాహరణ కావాలంటే 2008 జనవరి 30. ఈజిప్టులోని అలెగ్జాండ్రియా దగ్గర సముద్రం అడుగున సీ-మీ-వీ 4, ఫ్లాగ్ కేబుళ్ళు రెండూ తెగాయి. భారతదేశం నుంచి పడమటి వైపు పోయే ఇంటర్నెట్ ఒక్కసారిగా ఇరుకైపోయింది. యజమానులు వేరు, పేర్లు వేరు, ఒప్పందాలు వేరు. సముద్రంలో మాత్రం పక్కపక్క చోట్లు. అప్పుడు హైదరాబాద్ ఐటీ ఆఫీసుల్లో పనిచేసినవాళ్ళకి ఆ నత్తనడక రోజులు గుర్తుండే ఉంటాయి.

ఇప్పుడు దారులన్నీ పోతే ఏం చెయ్యాలన్న ప్రశ్న దగ్గరికి వస్తాను. కాన్ఫిగరేషన్ ఫైల్‌లో దీనికి ఒక్క వరస ఉంటుంది, నో-పాత్-రీట్రై. దానికి మూడు రకాల జవాబులు రాయొచ్చు. ‘ఫెయిల్’ అని రాస్తే చివరి దారి పోయిన వెంటనే పైకి ఎర్రర్ పంపేస్తుంది. ఫైల్ సిస్టమ్ అమరికని బట్టి రీడ్-ఓన్లీగా మారుతుంది లేదా మూసుకుంటుంది, డేటాబేస్ పడిపోతుంది. ‘క్యూ’ అని రాస్తే ఎంతకాలమైనా కాచుకుంటుంది. రాయమని ఇచ్చిన డేటాని పట్టుకుని ఏదో ఒక దారి తిరిగి వస్తుందని ఎదురుచూస్తుంది. మూడోది ఒక అంకె రాయడం. 12 అని రాస్తే పన్నెండుసార్లు తట్టి చూస్తుంది. ఐదేసి సెకన్ల చొప్పున ఒక నిమిషం. అప్పటికీ దారి లేకపోతే ఒప్పుకుంటుంది.

మొదటిసారి చూసినవాళ్ళకి ‘క్యూ’ చాలా మంచి జవాబులా కనిపిస్తుంది, ఏ రాతా పోదు కదా. దాని రెండో ముఖం చూసినవాళ్ళకే తెలుస్తుంది. దారి తిరిగి రాదు. డిస్కు మీద పనిచేస్తున్న ప్రాసెస్‌లన్నీ ‘డి’ స్థితిలోకి వెళ్ళిపోతాయి. అంటే ఎవరి పిలుపూ వినిపించని నిద్ర. కిల్ -9 కూడా వాటిని కదిలించలేదు. కొత్తగా వచ్చిన ప్రతి పనీ వాటి వెనకే వరస కడుతుంది, లోడ్ యావరేజ్ పెరుగుతూ పోతుంది. సర్వర్ పింగ్‌కి జవాబిస్తుంది, లాగిన్ అయితే ప్రాంప్ట్ వస్తుంది, ఎల్‌ఎస్ కొడితే అక్కడే ఆగిపోతుంది. క్లస్టర్‌లో అయితే ఇంకా ఇబ్బంది: ఇది పడిపోతే తప్ప పక్క నోడ్ పని అందుకోదు, ఇదేమో పడదు, నడవదు. అప్పుడు మల్టీపాత్‌డికి ‘డిజేబుల్ క్యూయింగ్’ అని చెప్పి ఆ నిరీక్షణని చేత్తో తెంపాలి. అదొక బరువైన కమాండు. ఆ క్షణం దాకా పట్టుకుని ఉన్న రాతలన్నీ ఇక డిస్కుని చేరవని తెలిసే ఎంటర్ కొట్టాలి.

నేను అంకె వైపే ఉంటాను. స్విచ్ రీబూట్ అయ్యే సమయం, కంట్రోలర్ మారే సమయం కొలిచి, దానికి కొంచెం కలిపి, ఆ మేరకి అంకె రాయమంటాను. ఎంతసేపు ఆగాలో ముందే ఆలోచించి రాసుకోవడం కష్టమైన పనే. ఎందుకంటే ఆ ప్రశ్న స్టోరేజ్‌ది కాదు, ఆ డేటా మీద ఆధారపడిన మనుషులది. ఆసుపత్రిలో బిల్లింగ్ రెండు నిమిషాలు ఆగొచ్చు. ఆగి మళ్ళీ సాగడమే పడిపోవడం కన్నా మేలు. ఇంకోచోట పది సెకన్లు ఆగితే పక్క నోడ్‌కి అప్పగించేయడమే మేలు. వాళ్ళని అడగకుండా ఆ అంకె రాయకూడదు. తయారీదారు ఇచ్చిన నమూనా ఫైల్‌ని అలాగే ఎత్తి పెట్టుకోవడం అంతటా జరుగుతున్నదే. అది మంచి మొదలే కానీ, మొదలు మాత్రమే.

వాడని దారి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పెరటి తలుపు ఏళ్ళ తరబడి తీయకపోతే గడియ తుప్పుపట్టి బిగుసుకుపోతుంది. ముందు గదిలో మంటలు లేచిన రోజున దాన్ని తీయబోతే రాదు. ప్రాధాన్యం 10 ఉన్న దారులు అలాంటివి. వాటి మీద పని నడవదు కాబట్టి అవి బరువు మోయగలవో లేదో తెలియదు. అందుకే తీరిక ఉన్న రోజున, అందరికీ చెప్పి, చెయ్యదగిన పరీక్ష ఒకటుంది. డిస్కు మీద ఏదో ఒక పని నడుస్తుండగా, 50 ఉన్న దారుల్ని ఒక్కొక్కటిగా ఆఫ్‌లైన్ చెయ్యాలి. లైనక్స్‌లో ఆ పరికరం స్టేట్ ఫైల్‌లో ఆఫ్‌లైన్ అని రాస్తే చాలు. ఐఓస్టాట్‌లో పని పక్క దారులకి మళ్ళడం కంటితో చూడాలి. ఎంతసేపు ఆగిందో రాసుకోవాలి. మళ్ళీ రన్నింగ్ అని రాసి వెనక్కి తేవాలి. ఇది మొదటిసారి చూసిన కుర్రవాళ్ళ ముఖాల్లో వచ్చే వెలుగు కోసమైనా నేను ఈ పరీక్ష మానను.

ఏఐఎక్స్ అనే ఐబీఎమ్ యూనిక్స్‌లో పనిచేసినవాళ్ళు, తట్టి చూడని దారిని నమ్మకూడదన్న మాట ఇంకా బాగా ఒప్పుకుంటారు. అక్కడ ఎల్‌ఎస్‌పాత్ అని కొడితే దారులు కనిపిస్తాయి, సీహెచ్‌పాత్‌తో తెరవడం మూయడం. డిస్కుకి హెల్త్ చెక్ వ్యవధి అని ఒక గుణం ఉంటుంది. వర్చువల్ స్కసీ డిస్కులకి అది సున్నాగా వచ్చేది. సున్నా అంటే ఎప్పుడూ తట్టి చూడొద్దని. ఆ వర్చువల్ డిస్కుల్ని అందించే రెండు వీఐఓ సర్వర్లలో ఒకదానికి ఒక రాత్రి ప్యాచింగ్ చేసి రీబూట్ చేస్తే దారి ఫెయిల్డ్ అవుతుంది. సర్వర్ తిరిగి వచ్చినా, దారి బాగుపడినా, ఎవరూ తట్టి చూడరు కాబట్టి ఫెయిల్డ్‌గానే ఉండిపోతుంది. వారం తర్వాత రెండో వీఐఓ సర్వర్‌కి ప్యాచింగ్. ఆ విలువని 60కి మార్చడం ఒక్క కమాండు పని.

ఇక చివరి విషయం. నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించేది ఇదే. మల్టీపాత్ -ఎల్‌ఎల్ జవాబులో ‘ఫెయిల్డ్’ అన్న మాట వెతికి, దొరికితే అలర్ట్ పంపే స్క్రిప్టులు చాలా చోట్ల చూశాను. మంచిదే, ఉండాలి. కానీ ఫైబర్ ఛానెల్‌లో అవతలి పోర్టు కనబడకుండా పోయినప్పుడు కెర్నెల్ దానికోసం కొంతకాలమే ఎదురుచూస్తుంది. చాలా అమరికల్లో ఆ గడువు 600 సెకన్లు. పది నిమిషాలు దాటాక ఆ దారిని జాబితాలోంచి తీసేస్తుంది. ఒక ఫ్యాబ్రిక్ వైపు మొత్తం అలా పోతే, ఆ తర్వాత కమాండు కొడితే రెండు దారులే కనిపిస్తాయి. రెండూ యాక్టివ్, రెండూ రెడీ, రెండూ రన్నింగ్. ఫెయిల్డ్ అన్న మాట వెతికినా దొరకదు. పోయిన రెండింటి గురించి ఒక్క అక్షరం ఉండదు. కేబుల్ ఊడి ఉండగా మెషీన్ బూట్ అయినా ఇదే తీరు: రాని దారి గురించి కెర్నెల్‌కి ఏమీ తెలియదు, తెలియనిది చెప్పదు. తెర మీద ఉన్న ప్రతి అక్షరం నిజం. మొత్తం బొమ్మ తప్పు.

దీన్ని పట్టుకోవడానికి కమాండు చాలదు. ఎన్ని ఉండాలో బయట ఎక్కడో రాసి ఉండాలి. నేను పనిచేసే చోట సర్వర్ల జాబితాలో ఒక్కో లన్ గుంపు పక్కన ఒక అంకె ఉంటుంది: నాలుగు, ఎనిమిది, కొన్నిచోట్ల రెండు. ఉదయం స్క్రిప్టు ప్రతి సర్వర్ మీదా దారుల్ని లెక్కపెట్టి ఆ అంకెతో పోలుస్తుంది. తగ్గినా అలర్ట్, పెరిగినా అలర్ట్. కొత్త సర్వర్ వచ్చినప్పుడు ఆ అంకెని నింపే పని కొత్తగా చేరినవాళ్ళకి అప్పగిస్తాను. కమాండు కొట్టి వచ్చిన లెక్కని అక్కడ రాస్తే ఒప్పుకోను. ర్యాక్ వెనక్కి వెళ్ళి కేబుళ్ళు చూసి, జోనింగ్ చదివి, ఎన్ని రావాలో ముందు కాగితం మీద తేల్చాలి. ఆ తర్వాతే కమాండు కొట్టాలి. రెండూ కలవకపోతే జాబితాలో ఏమీ రాయకుండా నా దగ్గరికి రమ్మంటాను.